నెలలు నిండని బిడ్డ ఎన్ఐసీయూలో ఉంటే: ఇంటికి తెచ్చుకునేలోపు అమ్మానాన్నలు చేయాల్సినవి

కాన్పుకి ఇంకా రెండు నెలలు ఉందనగా బిడ్డ పుట్టేసింది. అమ్మ ఆపరేషన్ వార్డులో ఉంది, బిడ్డ ఎన్ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో, బాక్సులో ఉంది, మందుల చీటీ పట్టుకుని నాన్న మెట్లెక్కి దిగుతున్నాడు. నెల్లూరులోనో ఒంగోలులోనో పిల్లల ఆసుపత్రి దగ్గర కాసేపు నిలబడితే ఇలాంటి కుటుంబం ఒకటైనా కనిపిస్తుంది. కనిగిరి, ఉదయగిరి, పొదిలి, కావలి అని ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఉంటారు. మా బాబు ముప్పై వారాలకే పుట్టినప్పుడు మేమూ అలాగే నిలబడ్డాం.

"బాక్సులో పెట్టేశారు కదా, ఇక మన చేతుల్లో ఏముంది" అని చుట్టుపక్కల వాళ్ళు అంటారు. ఆ మాట నమ్మకండి. శ్వాస సంగతి మెషీన్లు చూసుకుంటాయి, మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. కానీ అమ్మపాలు, ఒంటి వెచ్చదనం ఏ మెషీనూ ఇవ్వలేదు. మీరు అక్కడికి చుట్టపుచూపుగా వెళ్ళే మనుషులు కారు, బిడ్డ వైద్యంలో మీకూ వాటా ఉంది. ఆ వాటా పని ఎలా చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటి రెండు రోజులు

ముందుగా ఒక నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో రెండు అంకెలు రాసుకోండి: బిడ్డ ఎన్ని వారాలకు పుట్టింది, ఎన్ని గ్రాములు ఉంది. "ఏడో నెలలో పుట్టింది" అంటే డాక్టర్లకు సరిపోదు, వాళ్ళ లెక్కంతా వారాల్లోనే. 37 వారాల లోపు పుడితే నెలలు నిండనట్టే. 32 లోపు అయితే మరింత జాగ్రత్త కావాలి. 28 లోపు అయితే చాలా చిన్న ప్రాణం. బరువు కూడా అంతే: 2,500 గ్రాముల లోపు తక్కువ బరువు, 1,500 లోపు చాలా తక్కువ, 1,000 లోపు అతి తక్కువ. ఇకమీదట మీకు చెప్పేవన్నీ ఈ రెండు అంకెల మీదే ఆధారపడి ఉంటాయి.

డాక్టరుతో మాట్లాడే మనిషి రోజూ ఒకరే ఉండాలి. ఇవాళ మేనమామ, రేపు పెదనాన్న వెళ్ళి మాట్లాడితే, ఒక్కొక్కరు ఒక్కో మాట మోసుకొస్తారు, ఇంట్లో టెన్షన్ పెరుగుతుంది. నాన్నో, అమ్మమ్మో, స్థిమితంగా వినగలిగిన వాళ్ళెవరో ఒకరు వెళ్ళండి. రోజూ ఇవే అడగండి: శ్వాసకు ఇప్పుడు ఏ సాయం ఇస్తున్నారు? నిన్నటికంటే తగ్గించారా, పెంచారా? పాలు ఎంత ఇస్తున్నారు? బరువెంత? ఇవాళ మీరు దేని కోసం జాగ్రత్తగా చూస్తున్నారు? విన్నది అక్కడే రాసుకోండి. "బతుకుతాడా, గ్యారంటీ ఇస్తారా" అని అడగాలనిపిస్తుంది. అడిగినా ఎవరూ తప్పు పట్టరు గానీ, మొదటి మూడు రోజుల్లో ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగలిగే డాక్టరు ఉండరు. పై ప్రశ్నలకు మాత్రం జవాబు ఉంటుంది.

డబ్బు విషయం కూడా మొదటి రోజే తేల్చుకోవాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉంది, దాన్ని ఎస్ఎన్‌సీయూ అంటారు. ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బు చేసిన పసిబిడ్డకు ఏడాది వయసు వచ్చేదాకా వైద్యం, మందులు, పరీక్షలు జననీ శిశు సురక్ష పథకం కింద ఉచితం. ప్రైవేటు ఆసుపత్రి అయితే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్కులో ఉందో లేదో అడగండి. ఉంటే అక్కడే ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని మొదటి రోజే వెళ్ళి మీ బిడ్డ కేసు పథకంలోకి వస్తుందో లేదో కనుక్కోండి. సందేహం ఉంటే 104కి ఫోన్ చేయొచ్చు. హడావుడిలో జనన నమోదు మరిచిపోకండి. 21 రోజుల్లోపు అయితే ఉచితం. అమ్మానాన్నల పేర్ల స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టే పడిందో లేదో చూసుకోండి.

ఇంకా కాన్పు కాని వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. నెలలు నిండకుండా నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా, దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో కాన్పు చేయించుకుని తర్వాత బిడ్డను తరలిద్దాం అనుకోకండి. వీలైతే బిడ్డ కడుపులో ఉండగానే ఎన్ఐసీయూ ఉన్న చోటికి చేరండి. కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులకు చాలా మేలు చేస్తాయి.

లోపలికి వెళ్ళాక ఏం చూస్తారు

మొదటిసారి లోపలికి వెళ్ళగానే కళ్ళు తిరిగినట్టవుతుంది. కూర్చోవడానికి స్టూలు అడగండి, ఫరవాలేదు.

పైన వేడి దీపం ఉండి తెరిచి ఉన్న బల్లను వార్మర్ అంటారు. మూత ఉన్న గాజుపెట్టె ఇంక్యుబేటర్. ముక్కులో రెండు చిన్న గొట్టాలు పెట్టి గాలిని ఒత్తిడితో పంపేది సీపాప్, అందులో బిడ్డ తనంతట తానే ఊపిరి తీసుకుంటుంది. గొంతులో గొట్టం ఉంటే వెంటిలేటర్. వెంటిలేటర్ నుంచి సీపాప్‌కి, సీపాప్ నుంచి మామూలు ఆక్సిజన్‌కి, ఆక్సిజన్ నుంచి ఏదీ లేకుండా ఉండటానికి: ఇదీ దిగాల్సిన దారి. రెండు మెట్లు దిగి ఒక మెట్టు మళ్ళీ ఎక్కడం కూడా మామూలే. నోట్లో నుంచి పొట్టలోకి వెళ్ళే సన్నటి గొట్టం పాల కోసం. పచ్చకామెర్లకు నీలం లైటు కింద పెడతారు, అప్పుడు కళ్ళకు గంతలు కడతారు. ఊపిరి తీసుకోవడం మరిచిపోకుండా కెఫీన్ అనే మందు ఇస్తారు. 34 వారాల లోపు బిడ్డ కాసేపు ఊపిరి ఆపేయడం చాలాసార్లు జరుగుతుంది. నర్సు వచ్చి అరికాలు మీద తడితే మళ్ళీ తీసుకుంటుంది.

బిడ్డ పాదానికి చుట్టిన సెన్సారు ఎర్రగా వెలుగుతుంటుంది. అదే శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో, చూపించేది. ఆక్సిజన్ మీద ఉన్న నెలలు నిండని బిడ్డకు ఆ అంకెను సుమారు 90కీ 95కీ మధ్య ఉంచుతారు. వంద చూపిస్తే మంచిదని మనం అనుకుంటాం. కానీ ఈ బిడ్డలకు ఎక్కువ ఆక్సిజన్ కంటికి హాని చేస్తుంది. అందుకే కావాలనే తగ్గించి ఉంచుతారు. బిడ్డ కాలు విదిలిస్తే సెన్సారు జారి అలారం మోగుతుంది. అలారం మోగినప్పుడు సీనియర్ నర్సులు స్క్రీన్ వైపు చూడరు, ముందు బిడ్డ వైపు చూస్తారు. మీరూ అదే నేర్చుకోండి. ఒంటి రంగు గులాబీగా ఉందా, ఛాతీ కదులుతుందా అని చూడండి. అంకెల మీదే కళ్ళు పెట్టుకుని గంటలు గంటలు కూర్చుంటే మనిషి మనిషిగా ఉండడు.

మొదటి వారంలో బరువు తగ్గుతుంది. పుట్టిన బరువులో పదో వంతు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే తగ్గొచ్చు. రెండు వారాలకల్లా మళ్ళీ పుట్టిన బరువుకు చేరుకుంటారు. పాలు మొదలుపెట్టి, మళ్ళీ ఒక రోజు ఆపేయడం కూడా ఉంటుంది. పొట్ట ఉబ్బితే పేగుకు ప్రమాదం రాకుండా ఆపుతారు. ఏ రోజు ఏ వార్త చెప్పినా, దాన్ని నిన్నటితో కాదు, పోయిన వారంతో పోల్చి చూసుకోండి.

లోపల బిడ్డను ముట్టుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. వేళ్ళతో నిమరకండి. ఆ చర్మానికి నిమరడం గిలిలా, మంటలా ఉంటుంది. ఒక అరచేయి తల మీద, ఇంకో అరచేయి ముడిచిన కాళ్ళ మీద పెట్టి, కదపకుండా అలాగే ఉంచండి. నెమ్మదిగా మాట్లాడండి, మీ గొంతు బిడ్డకు కడుపులో ఉన్నప్పటి నుంచే తెలుసు. పెట్టె మీద ఫోనో ఫైలో పెట్టకండి, గాజు మీద వేలితో కొట్టకండి. లోపల ఆ చప్పుడు చాలా పెద్దగా వినిపిస్తుంది.

చేతులు కడగడం గురించి ఎవరూ మినహాయింపు అడగొద్దు. గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయాలి. గోళ్ళు కత్తిరించుకోవాలి. మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడగాలి. జలుబు ఉన్న రోజు లోపలికి వెళ్ళకండి. తాతయ్య అయినా, సర్పంచ్ అయినా ఇదే రూలు.

పాలు: అమ్మ చేయాల్సిన పని

నన్నడిగితే మందులన్నిటికంటే ముందు దీన్నే రాస్తాను. నెలలు నిండని బిడ్డ పేగును కాపాడటంలో, ఇన్ఫెక్షన్‌ను ఆపడంలో తల్లిపాలకు సాటి వచ్చేది లేదు. బిడ్డ పాలు తాగలేని స్థితిలో ఉన్నా, బిడ్డ ఒక ఆసుపత్రిలో, మీరు ఇంకో ఆసుపత్రిలో ఉన్నా, పాలు పిండటం మొదటి రోజే మొదలుపెట్టాలి. కాన్పైన మొదటి గంటల్లోనే, ఆలస్యమైనా ఆరు గంటలు దాటకుండా. సిజేరియన్ అయినా సరే, పడుకునే పిండొచ్చు, ఎవరైనా పట్టుకుంటే చాలు.

పద్ధతి ఇది. చేతులు కడుక్కోండి. గోరువెచ్చని తడిగుడ్డ రొమ్ము మీద రెండు నిమిషాలు ఉంచి, మెల్లగా గుండ్రంగా రుద్దండి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి వలయం అంచు దగ్గర పెట్టండి, చనుమొన మీద కాదు. ముందు ఛాతీ వైపు వెనక్కి నొక్కండి, తర్వాత రెండు వేళ్ళూ దగ్గరికి నొక్కి వదలండి. నొక్కడం, వదలడం, అంతే. చర్మం మీద వేళ్ళు జారితే నొప్పి వస్తుంది, పాలు రావు. మొదటి కొన్ని నొక్కులకు ఏమీ రాదు. తర్వాత ఒక చుక్క, పసుపు పచ్చగా, జిగురుగా చనుమొన మీద నిలుస్తుంది. అదే ముర్రుపాలు. దాన్ని సిరంజితో లాగేయాలి, గిన్నెలో పడితే అంచుకే అంటుకుపోతుంది. ఒక మిల్లీలీటరు కూడా రాలేదని ఏడవకండి. చాలా చోట్ల ఆ నాలుగు చుక్కలనే బిడ్డ బుగ్గల లోపల రాస్తారు. దానికీ విలువ ఉంది.

మొదటి మూడు రోజులూ చేత్తో పిండటమే మేలు. తర్వాత పాలు పెరిగాక పంపు వాడొచ్చు. రెండు మూడు గంటలకోసారి, రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకుండా పిండాలి. రాత్రి కనీసం ఒకసారి లేవాలి. తెల్లవారుజామున పాలు బాగా వస్తాయి. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత పాలు తయారవుతాయి, లెక్క అంతే. "బిడ్డ తాగడం లేదు కదా" అని వారం ఆగితే తర్వాత తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

పిండిన పాల డబ్బా మీద అమ్మ పేరు, తేదీ, టైము రాయాలి. గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచొచ్చని సాధారణంగా చెబుతారు. మన నెల్లూరు మే నెల ఎండలో ఆ నాలుగు గంటలు నమ్ముకోకండి, పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ఐసు ప్యాకులు పెట్టిన చిన్న బాక్సు వాడండి. కాచకూడదు. వేడినీళ్ళ గిన్నెలో డబ్బా నిలబెట్టి గోరువెచ్చగా చేస్తారు. వదినకో అక్కకో పాలున్నాయని ఆ పాలు నేరుగా పట్టించకండి. తల్లిపాల బ్యాంకు ఉన్న చోట పరీక్ష చేసి, పాశ్చరైజ్ చేసిన పాలు ఇస్తారు. అలాంటిది ఉందేమో డాక్టర్ని అడగండి.

ఇక బాలింత పథ్యం. మన వైపు పెద్దవాళ్ళు నీళ్ళు ఎక్కువ తాగొద్దంటారు, చారన్నం తప్ప ఏమీ పెట్టరు. అత్తమ్మతో గొడవ పడక్కర్లేదు, "డాక్టరు చెప్పారు అత్తమ్మా" అని మెల్లగా చెప్పి దాహమైనన్ని నీళ్ళు తాగండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు, పెరుగు అన్నీ తినొచ్చు. సముద్రం వైపు ఊళ్ళలో సొరచేప వండి పెడతారు, వెల్లుల్లి కారం, మునగాకు, తెలగపిండి కూర పెడతారు. ఇష్టమైతే హాయిగా తినండి, అయితే పాలు పెంచేది ప్రధానంగా పిండటమే. ఆసుపత్రి దగ్గర తోడున్న వాళ్ళు తినకుండా ఉండొద్దు. నెల్లూరు, ఒంగోలులో అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకు అన్నం దొరుకుతుంది.

ఛాతీ మీద బిడ్డ

దీన్ని కంగారూ మదర్ కేర్ అంటారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి. ఇప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రులన్నీ చేయిస్తున్నాయి. మన దేశంతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాలలో జరిగిన పెద్ద అధ్యయనం 2021లో వచ్చింది. 1,800 గ్రాముల లోపు బిడ్డలకు, స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే, మరణాలు నాలుగో వంతు తగ్గాయని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా, ఎంత వీలైతే అంత చేయమని చెప్పింది. కాబట్టి "ఎప్పుడు మొదలుపెట్టొచ్చు సిస్టర్?" అని రోజూ అడగండి. అడగకపోతే పని ఒత్తిడిలో వాళ్ళకు గుర్తు రాకపోవచ్చు.

ముందు బాత్రూం పని చూసుకుని, పాలు పిండుకుని, నీళ్ళు తాగి కూర్చోండి. ముందు తెరుచుకునే నైటీ సౌకర్యం. బిడ్డకు డైపరు, టోపీ, సాక్సులు తప్ప ఏమీ ఉండకూడదు. నర్సు వైర్లు ఒక చేత్తో పట్టుకుని బిడ్డను మీ రెండు రొమ్ముల మధ్య నిలువుగా పెడుతుంది. తల ఒక పక్కకి తిప్పి, గడ్డం కొంచెం పైకి ఉండాలి. ముందుకు వంగితే ఊపిరి ఆడదు, మరీ వెనక్కి పోకూడదు. కాళ్ళు కప్ప కాళ్ళలా ముడిచి ఉండాలి. పైన మెత్తటి నూలు గుడ్డతో, లేదా వాళ్ళిచ్చే బ్యాండుతో కట్టి, నైటీ మూసేయాలి. కుర్చీలో కొంచెం వెనక్కి వాలి కూర్చోండి. ఒక్కసారి పెట్టాక గంటకు తగ్గకుండా ఉంచండి, మాటిమాటికీ తీసి పెట్టడం బిడ్డకు అలసట.

మా వాణ్ణి మొదటిసారి ఇలా పెట్టినప్పుడు వాడి వీపు నా అరచేయంత ఉంది. ముందు శాచురేషన్ 88కి పడిపోయింది. సిస్టర్ కంగారు పడలేదు, "ఉండమ్మా, సర్దుకుంటాడు" అంది. కాసేపటికి వాడి ఊపిరి నా ఊపిరి వెంట నడిచినట్టు నెమ్మదించింది, అంకె 93 దగ్గర నిలబడింది. ఆ రోజు నుంచి పాలు కూడా బాగా వచ్చాయి. చాలామంది తల్లులు ఇదే చెబుతారు.

నాన్నలూ చేయాలి. అమ్మకు కుట్లు నొప్పిగా ఉన్నప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, నిద్ర కావాల్సినప్పుడు నాన్న ఛాతీ అంతే వెచ్చగా ఉంటుంది. స్నానం చేసి, చొక్కా విప్పి కూర్చోవాలి, సిగరెట్ వాసన ఉండకూడదు. మన వైపు మగవాళ్ళు మొదట సిగ్గుపడతారు. ఒక నాన్న మొదలుపెడితే పక్క బెడ్డు నాన్న కూడా వస్తాడు. అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని కూడా చేయొచ్చు.

గొట్టం నుంచి గిన్నెకి

పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ ఒకదాని వెంట ఒకటి కుదరడం 32 నుంచి 34 వారాల మధ్య వస్తుంది. అప్పటిదాకా గొట్టమే. ఆ దశ వచ్చాక గొట్టం పాలు ఇచ్చేటప్పుడే, పాలు పిండేసిన రొమ్ము దగ్గర బిడ్డ మూతి పెట్టనివ్వమని అడగండి, పీల్చడం అలవాటవుతుంది. తర్వాత ఉగ్గుగిన్నె. ఆసుపత్రిలో పాలాడై అంటారు. బిడ్డను సగం కూర్చున్నట్టు పట్టుకుని, గిన్నె మూతిని కింది పెదవి మూలకు ఆనించి, బిడ్డ చప్పరించి లాక్కునేదాకా ఆగాలి. పొయ్యకూడదు. దగ్గినా, రంగు మారినా ఆపి, నిలువుగా పట్టుకుని సిస్టర్‌ను పిలవండి. ఒక పూట అరగంట పడుతుంది. సీసా జోలికి పోకండి.

మనసు

అందరూ బిడ్డ గురించే అడుగుతారు, తల్లి గురించి ఎవరూ అడగరు. బిడ్డ లేకుండా ఖాళీ చేతులతో ఇంటికి రావడం చాలా కష్టం. ఏడుపొస్తే ఏడవండి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, బిడ్డను చూడాలనే అనిపించకపోయినా, బతకాలనిపించకపోయినా డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. "నువ్వు పని ఎక్కువ చేశావు", "గ్రహణం చూశావు" అనే మాటలు ఇంట్లో ఎవరైనా అంటే నాన్న అక్కడే ఆపాలి. అది నాన్న బాధ్యత.

జొన్నవాడ కామాక్షమ్మకో పెంచలకోన నరసింహస్వామికో మొక్కుకోండి, రొట్టెల పండగకు ఆరోగ్య రొట్టె పట్టుకుంటామనుకోండి. కానీ విభూతి, తాయెత్తు, కుంకుమ బిడ్డ పెట్టెలోకి పోకూడదు. బయట బ్యాగులో ఉంచండి.

కంటి పరీక్ష: దీన్ని మాత్రం వదలొద్దు

34 వారాల లోపు పుట్టిన బిడ్డకు, లేదా 2,000 గ్రాముల లోపు ఉన్న బిడ్డకు, పుట్టిన 30 రోజుల్లోపు కంటి లోపలి రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాల లోపు, లేదా 1,200 గ్రాముల లోపు అయితే రెండు మూడు వారాలకే. నెలలు నిండని బిడ్డల రెటీనాకు వచ్చే ఆర్ఓపీ అనే జబ్బు బయటికి కనిపించదు, బిడ్డ మామూలుగానే చూస్తున్నట్టుంటుంది. సమయానికి దొరికితే లేజరుతోనో ఇంజెక్షనుతోనో ఆపొచ్చు, దాటిపోతే చూపు పోతుంది. డిశ్చార్జి అయిపోయినా ఈ తేదీ మారదు. ఇరవై ఎనిమిదో రోజున మీ ఊళ్ళో వాన పడుతున్నా, ఇంట్లో ఇరవై ఒకటో రోజు బారసాల వాయిదా పడి అదే రోజు పెట్టుకున్నా, పరీక్షకే వెళ్ళాలి. కంటి డాక్టరు ఎన్ఐసీయూకే వస్తారా, మీరే వెళ్ళాలా అన్నది ముందే కనుక్కోండి. ఒక్కసారితో అయిపోదు, రెటీనా పూర్తిగా ఎదిగేదాకా మళ్ళీ మళ్ళీ పిలుస్తారు. వినికిడి పరీక్ష కూడా డిశ్చార్జికి ముందే అడిగి చేయించుకోండి.

ఇంటికి తెచ్చే ముందు

ఎప్పుడు పంపిస్తారంటే: ఊపిరి ఆగడం కొన్ని రోజులుగా లేకుండా, వేడి దీపం సాయం లేకుండా ఒళ్ళు వెచ్చగా ఉంటూ, నోటితో పాలు తాగుతూ, రోజూ బరువు పెరుగుతుంటే. బరువు ఇంత ఉండాలని ఒక్కో ఆసుపత్రి ఒక్కో లెక్క పెట్టుకుంటుంది. పంపిస్తామంటే భయం వేస్తుంది. ముందు ఒకటి రెండు రాత్రులు కంగారూ వార్డులో బిడ్డతో ఉండి, పాలు పట్టడం, డైపరు మార్చడం, చుక్కల మందు వేయడం అన్నీ నర్సు చూస్తుండగా మీ చేత్తో చేయండి. ఐరన్, విటమిన్ డి చుక్కలు ఎన్ని మిల్లీలీటర్లో సిరంజి మీద గీత పెట్టించుకోండి.

ఇంట్లో ఒక గది సిద్ధం చేయండి. ఫ్యాను నేరుగా బిడ్డ మీద పడకూడదు, అలాగని రోహిణి కార్తెలో నాలుగు గుడ్డలు చుట్టి ఉక్కపెట్టకూడదు. పొట్టా, పాదాలూ రెండూ వెచ్చగా ఉంటే సరిపోయినట్టు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే వెంటనే ఛాతీకి కట్టుకోండి. కరెంటు పోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది. రెండున్నర కిలోలు వచ్చేదాకా, లేదా బిడ్డే విదిలించుకునేదాకా ఇంట్లో కూడా కంగారూ కొనసాగించాలి. పడుకోబెట్టేది వెల్లకిలా. రెండున్నర కిలోలు వచ్చేదాకా స్నానం చేయించడం వద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. సాంబ్రాణి పొగ, కాటుక, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు, తేనె, పంచదార నీళ్ళు ఏవీ వద్దు. చూడటానికి వచ్చిన వాళ్ళను గుమ్మం దగ్గరి నుంచే చూడమనండి, కోపం వచ్చినా ఫరవాలేదు. డాక్టరు డబ్బాపాలు రాస్తే, ఫ్లోరైడు ఉన్న కనిగిరి వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు కాచినా పనికిరావు, కాచడం వల్ల ఫ్లోరైడు పోదు. శుద్ధి చేసిన నీళ్ళు కాచి వాడాలి.

టీకాలు పుట్టిన తేదీ ప్రకారమే. ఎదుగుదల మాత్రం పుట్టాల్సిన తేదీ ప్రకారం చూడాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డ ఆరో నెలలో నాలుగు నెలల బిడ్డలా ఉంటే అది సరైన ఎదుగుదలే, పక్కింటి పాపతో పోల్చకండి. ప్రభుత్వ ఆసుపత్రి నుంచి వెళ్ళేటప్పుడు 102 తల్లీబిడ్డ వాహనం అడగండి. వెళ్ళేలోపే ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి ఎప్పుడొస్తున్నారో చెప్పండి. ఇంటికొచ్చి బరువు, ఒంటి వేడి చూడటం ఆవిడ పనే.

ఇంట్లో ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు: పాలు సగం కూడా తాగకపోవడం, లేపినా లేవనంత మత్తు, నిమిషానికి 60కి మించి ఊపిరి, డొక్కలు లోపలికి లాగడం, మూలుగు, పెదాలు నీలంగా మారడం, ఊపిరి ఆగడం, ఫిట్స్, ఛాతీకి కట్టుకున్నా వెచ్చబడని ఒళ్ళు, 37.5 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, ఉబ్బిన పొట్ట, ఆకుపచ్చ వాంతి, అరిచేతుల దాకా పచ్చబడటం. 108కి ఫోన్ చేసి, "నెలలు నిండని బిడ్డ, ఎన్ఐసీయూ నుంచి వచ్చింది" అని ముందే చెప్పండి. డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టుకుని, బిడ్డను ఛాతీకి కట్టుకునే బండెక్కండి.